వయసు మీద నెట్టకండి, రక్తం చూపించండి
(శ్రీకూర్మంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. గుమాస్తాగా ఊరందరి ఫైళ్లూ చూసినవాణ్ణి. ఈ ఫైలు మాత్రం నా సొంతది కనుక నాలుగు మాటలు చెప్పదలిచాను.

నాలుగేళ్ల క్రితం నాకు నీరసం పట్టుకుంది. కూర్మనాథస్వామి గుడిలో ప్రదక్షిణ సగంలోనే కూర్చుండిపోయేవాణ్ణి. ఎడమ డొక్కలో బరువు. నాలుగు ముద్దలకే కడుపు నిండేది. వయసు అనుకున్నాను, గ్యాస్ అనుకున్నాను. కంటి శుక్లం ఆపరేషనుకు ముందు రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు లక్షా ఇరవై వేలు! ఉండవలసింది నాలుగు వేల నుంచి పదకొండు వేలు. మన పెద్దలు 'కడుపులో బల్ల' అనేవారే, ఆ ప్లీహమే ఉబ్బింది. నాకు వచ్చినది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. అంటే ఎముక మూలుగలో పుట్టే రక్త క్యాన్సరు, నెమ్మదిగా పెరిగే రకం.

రెండో రకం అక్యూట్. అది వారాల్లోనే ముంచుకొస్తుంది. తగ్గని జ్వరం, పాలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు దాని గుర్తులు. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగరాదు. మూలుగ పరీక్షతో నిర్ధారించి, ఆసుపత్రిలో చేర్చి కీమోథెరపీ ఇస్తారు. తగినవారికి మూలుగ మార్పిడి చేస్తారు. బలమైన కీమో తట్టుకోలేని వృద్ధులకు అజాసిటిడిన్, వెనెటోక్లాక్స్ వంటి మందులున్నాయి.

నా రకానికి బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్ష ఉంది. 9, 22 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ఆ దోషం పుడుతుంది. దాన్ని అణచే మాత్ర ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి పొందింది. విదేశీ కంపెనీ మాత్రలకు అప్పట్లో నెలకు లక్ష రూపాయలు దాటేది. 2003లో హైదరాబాదు నాట్కో కంపెనీ తక్కువ ధరకు అదే మందు తెచ్చింది. విదేశీ కంపెనీ పేటెంటు కోరితే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నావంటి పెన్షనరు ఈ రోజు మీ ముందు నిలబడడానికి అదీ ఒక కారణం.

నా తప్పు కూడా చెప్పాలి. ఒంట్లో బాగుందని నెలన్నర మాత్రలు మానేశాను. పరీక్షలో జబ్బు మళ్లీ తలెత్తింది. డాక్టరుగారు మందలించారు, మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆనాటి నుంచి భోజనం కాగానే గ్లాసుడు నీళ్లతో మాత్ర ఆవిడే చేతిలో పెడుతోంది. మందు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట, మనది కాదు.

మనకు దగ్గరలో విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హెల్త్ కార్డులో ఏ చికిత్స వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

నా మనవి ఒక్కటే. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా, ఆ నెలలోనే పూర్తి రక్తకణాల పరీక్ష కూడా చేయించుకోండి. సంతకంతోపాటు రక్తం కూడా మనం బాగున్నామని చెప్పాలి.

సెలవు.