చెడుగుడుకు టెలివిజను చేయు మేలెంత?
(గ్రామ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రీడల కొరకు కూడబెట్టిన కొద్దిపాటి సొమ్ముతో రచ్చబండ వద్ద పెద్ద టెలివిజను పెట్టింతుమా, చెడుగుడు ఆటకు మ్యాటు కొందుమా అని మీ ఊరిలో చర్చ జరుగుచున్నదని వింటిని. తెరపై చూచినచో పిల్లలకు ఆటపై మక్కువ కలుగునని కొందరి వాదము. అందు సత్యము లేకపోలేదు.

మన చెడుగుడే కబడ్డీ. 2014 జూలైలో ప్రొ కబడ్డీ లీగు ఎనిమిది జట్లతో ఆరంభమైనది. తెలుగు టైటాన్స్ అందొకటి. అంతవరకు పాఠశాలలలోను, రైల్వే, పోలీసు జట్లలోను ఎక్కువగా కానవచ్చిన ఆట ఇంటింటికి వచ్చినది. మొదటి వేలములో అందరికంటె హెచ్చు ధర పలికిన రాకేశ్ కుమార్‌కు 12 లక్షల 80 వేల రూపాయలు. 2023లో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ వారు 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చిరి. “ఆడి ఏమి సంపాదింతువురా?” అని కొడుకును గద్దించు తండ్రికి నేడు మాట తడబడును.

లీగు ఆట తీరును కూడ మార్చినది. కూతకు 30 సెకనుల గడువు. రెండు మారులు వట్టి చేతులతో మరలివచ్చిన జట్టు మూడవ మారు పాయింటు తేవలెను. తేనిచో కూతగాడు అవుట్. చూచువారికి ఇది రక్తి కట్టును. ఊపిరి పందెము తగ్గినదని పెద్దలు నొచ్చుకొందురు. ఆ నొప్పి నాకును కొంత కలదు.

అయితే ఆడపిల్లల సంగతి ఆలోచింపుడు. 2016లో మూడు మహిళా జట్ల పోటీలు లీగుతోపాటు ప్రసారమైనవి. మరుసటి ఏట అవి లేవు. తెర వారిని మరచినది. ఆసియా క్రీడలలో మహిళల కబడ్డీ 2010లో ప్రవేశించినది. 2010, 2014 స్వర్ణములు మనవే. 2018లో జకార్తాలో ఇరాన్ వనితలు తుది పోటీలో మనలను 27–24తో ఓడించిరి. వారికి శిక్షణ ఇచ్చినది ఎవరనుకొంటిరి? మన నాసిక్‌కు చెందిన శైలజా జైన్! చూచి మురియుటకు తెర చాలును. పట్టు నేర్చుటకు గురువు కావలెను. 2023లో హాంగ్‌జౌలో మనవారు స్వర్ణమును మరల గెలుచుకొనిరి.

ఇండ్లలో టెలివిజనులున్నవి, చేతులలో ఫోనులున్నవి. రచ్చబండకు మరియొక తెర ఏల? మ్యాటు కొనుడు. సొమ్ము చాలనిచో రాళ్లు ఏరి, మన్ను మెత్తన చేసి, 13 మీటర్ల పొడవున, 10 మీటర్ల వెడల్పున గీతలు గీయుడు. స్త్రీల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. దానిని అందులోనే గీయవచ్చును. వ్యాయామోపాధ్యాయుని సాయంత్రము ఒక గంట రమ్మని కోరుడు. ఆడపిల్లలకు వేరొక వేళ కేటాయించి, వారు ఇల్లు చేరువరకు దారిలో దీపములు వెలుగునట్లు చూడుడు.