చేతి ప్రెస్సు ఎవరిది? ధర చెప్పేదెవరు?

(తోలు పనివారి శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)



మీటింగు అంటే మైకులో మాట్లాడి పోతారు, వీళ్లేంటి బల్ల మీద ఇనప సామాను పెట్టుకున్నారు అని మీరు చూస్తున్నారు. దీన్ని ఇంగ్లీషులో ఆర్బర్ ప్రెస్ అంటారు. మనం చేతి ప్రెస్సు అందాం. కరెంటు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. ఇంట్లో బల్ల మీద బిగించుకుని తోలు పని చేసుకోవచ్చు. ఇది ఎట్లా పనిచేస్తుంది, ఎంతవరకు పనిచేస్తుంది, ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుంది అన్న మూడు సంగతులూ ఇవాళ మాట్లాడుకుందాం. మూడోదే అసలు సంగతి.

ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. మేము ఏ వాడకు పోయినా చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు: "ఆత్మగౌరవం అని మీరే అంటరి, మల్ల తోలు పని చెయ్యమని మీరే చెప్తరు. ఇదేం లెక్క?" అడగాల్సిన ప్రశ్నే. 1927లో మహాడ్ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చచ్చిన పశువుల్ని మొయ్యడం మానెయ్యమన్నాడు. పుట్టుకను బట్టి పని అంటగట్టడం ఎంత దుర్మార్గమో 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనవాళ్లను బట్టలూడదీసి కొట్టారు. ఆ తర్వాత సురేంద్రనగర్ దళితులు పశువుల కళేబరాల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందర పడేశారు. ఇక మేము ఎత్తం, మీరే ఎత్తుకోండి అన్నారు.

వాళ్లు కాదన్నది దేన్ని? ఊరి హుకుంను కాదన్నారు. వెట్టిని కాదన్నారు. తోలు కొయ్యడం, కుట్టడం తెలిసిన చేతిని కాదనలేదు. దొర కబురు పంపితే గొడ్డును మొయ్యడం వేరు, బజార్లో కొన్న తోలుతో బెల్టు చేసి మన ధరకు అమ్ముకోవడం వేరు. మొదటిది కులం పెట్టిన శిక్ష. రెండోది విద్య. ఎవరికి ఇష్టమైతే వాళ్లు చేస్తారు, ఇష్టం లేకపోతే మానేస్తారు. ఈ తేడా మనసులో పెట్టుకునే మిగతా మాటలు వినండి.

మన తాతలు చేసిన పనిని ఒకసారి తలుచుకుందాం. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనినవాళ్లు వాళ్లే. మోటబావికి తొండెం కుట్టినవాళ్లు వాళ్లే. ఎద్దుకు పట్టెడ, అరకకు వారు, రైతు కాలికి కిర్రు చెప్పు, ఊరికి డప్పు అన్నీ వాళ్ల చేతి పనే. తోలు లేకుండా ఒక మడి తడిసిందా? ఒక నాగలి కదిలిందా? అంత చేసినా కూలి ఎట్లా ఇచ్చారు? కళ్లంలో అందరూ ఎత్తుకున్నాక మిగిలిన గింజలు ఇచ్చారు. ధర ఏనాడూ మన నోటి నుంచి రాలేదు.

తర్వాత కరెంటు మోటరు వచ్చింది, మోట పోయింది. ట్రాక్టరు వచ్చింది, వార్లు పోయాయి. 1931లో బాటా కంపెనీ మన దేశంలో పెట్టారు, తర్వాత రబ్బరు, ప్లాస్టిక్కు చెప్పులు ఊళ్లోకి దిగాయి, కిర్రు చెప్పు పోయింది. పచ్చి తోళ్లు అంబూరు, వాణియంబాడి, రాణిపేట వైపు చర్మశుద్ధి కార్ఖానాలకు పోయాయి. మిషన్లు ఎవరికి వచ్చాయి? పెట్టుబడి ఉన్నవాడికి. మనకేం మిగిలింది? ఆరె, రంపె, గూటం. ప్రపంచంలో తోలు పనికి ఇన్ని రకాల మిషన్లు వచ్చినా మన గుడిసెలో పనిముట్టు మాత్రం మారలేదు. మనకు తెలివి లేక కాదు, కొనే స్తోమత లేక, అప్పిచ్చే బ్యాంకు లేక.

ఇప్పుడు ప్రెస్సు దగ్గరికి రండి. ఇంగ్లీషు సి అక్షరం లాంటి పోత ఇనుము చట్రం ఇది. పైన పళ్లు కోసిన నిలువు కడ్డీ ఉంది. దాన్ని ఒక చిన్న పళ్ల చక్రం పట్టుకుని ఉంది. ఆ చక్రానికి ఈ పొడుగు చెయ్యి తగిలించి ఉంది. చెయ్యి కిందికి లాగితే చక్రం తిరుగుతుంది, కడ్డీ దిగుతుంది. మర తిప్పితే దిగే ప్రెస్సు ఇంకొకటి ఉంది, దాన్ని ఫ్లై ప్రెస్ అంటారు. అది వేరు. కొనేటప్పుడు రెంటినీ కలపకండి.

బలం ఎట్లా వస్తుంది? గడ్డపారతో బండ లేపినట్టే. చెయ్యి పొడవు 40 సెంటీమీటర్లు, పళ్ల చక్రం మధ్య నుంచి పళ్ల దాకా 1 సెంటీమీటరు అనుకోండి. మీరు 20 కిలోల బరువుతో లాగితే కింద 40 రెట్లు, అంటే 800 కిలోల ఒత్తిడి పడాలి. రాపిడిలో కొంత పోతుంది. అయినా ఒక ఆడమనిషి, ఒక ముసలి తండ్రి కూడా ఈ బలం తియ్యగలరు. బజార్లో అర టన్ను, ఒక టన్ను, రెండు టన్నులు అని రకాలు అమ్ముతారు. ఇంటి పనికి ఒక టన్నుది చాలు.

ఏ పనులకు పనికొస్తుంది? బెల్టుకు బెజ్జాలు వెయ్యడం, రివిట్టు బిగించడం, ఐలెట్టు, టిచ్ బటన్ ఎక్కించడం, చెప్పు పట్టీ కొస గుండ్రంగా కొయ్యడం, తాళంచెవుల గుత్తికి చిన్న ముక్కలు కొయ్యడం, తోలు మీద ముద్ర వెయ్యడం. గూటంతో కొడితే ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెల్లగా పడుతుంది. రివిట్టు వంకర పోతుంది, తోలు నలుగుతుంది. ప్రెస్సులో నూరు రివిట్లూ ఒక్కలాగే దిగుతాయి. చప్పుడు ఉండదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. రాత్రిపూట గూటం చప్పుడు వింటే ఇంటి ఓనరు కులం అడుగుతాడు, మర్నాడు ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. భుజం నొప్పి కూడా తగ్గుతుంది.

ఏ పని చెయ్యదు? చెప్పు అడుగు మొత్తం ఒక్క దెబ్బకు కొయ్యదు. లెక్క చూడండి. 4 మిల్లీమీటర్ల బెజ్జానికి కోసే అంచు పొడవు పన్నెండున్నర మిల్లీమీటర్లు. ఒక చెప్పు అడుగు చుట్టుకొలత సుమారు 60 సెంటీమీటర్లు, అంటే 600 మిల్లీమీటర్లు. దాదాపు యాభై రెట్లు. అంత బలం దీనికి లేదు. దానికి క్లిక్కర్ అనే పెద్ద మిషను ఉంది, అది పది ఇరవై టన్నులు నొక్కుతుంది. కాబట్టి అడుగు కొయ్యడానికి మన రంపె, మన కత్తే గతి. చేతికి పైపు తొడిగి పొడవు పెంచి బలం తీద్దామని చూడకండి. పళ్లు విరుగుతాయి, లేదా పోత చట్రం పగులుతుంది.

బిగించే పద్ధతి వినండి. కదలని గట్టి బల్ల కావాలి. నాలుగు బోల్టులతో బిగించాలి. కడ్డీ కొసన అచ్చు పట్టేందుకు బెజ్జం వేసి, పక్కనుంచి స్క్రూ పెట్టాలి. పట్నంలో లేతు పనివాడు చేసిస్తాడు. కోసే అచ్చు వాడేటప్పుడు కింద నైలాను పలకో, గట్టి కర్ర దిమ్మో పెట్టండి. ఇనుము మీద కోస్తే అచ్చు అంచు మొద్దుబారుతుంది. రివిట్టు బిగించేటప్పుడు మాత్రం కింద ఇనప దిమ్మే ఉండాలి. అచ్చు మొద్దుబారితే బలం ఎక్కువ పెట్టకండి, సాన పట్టండి. పళ్లకు గ్రీజు పెట్టండి. పని లేనప్పుడు చెయ్యిని తాడుతో కట్టెయ్యండి, లేకపోతే దానంతట అదే పడి పిల్లల తల పగలగొడుతుంది. ఒక చేత్తో లాగేటప్పుడు రెండో చెయ్యి అచ్చు కింద ఉండకూడదు. ఒకరు తోలు పట్టుకుని ఇంకొకరు లాగడం అసలే వద్దు. వేళ్లు తెగేది అక్కడే.

తోలు సంగతి ఒకటి చెప్పాలి. ముద్ర వెయ్యాలంటే క్రోము తోలు పనికిరాదు. అది మెత్తగా ఉండి ముద్రను నిలుపుకోదు. చెట్టు చెక్కతో ఊనిన తోలును కొంచెం తడిపి, లోపలికి చెమ్మ దిగాక నొక్కితే ముద్ర నిలుస్తుంది, ఆరాక చెరగదు. తంగేడు చెక్కతో మన తాతలు లందలో ఊనింది ఈ జాతి తోలునే. ఏ లంద కంపు కొడుతుందని మనల్ని ఊరి బయట పెట్టారో, ఆ పద్ధతి తోలుకే ఇవాళ పట్నం షోరూముల్లో ఎక్కువ ధర పలుకుతోంది.

ఇక మూడో సంగతి. ప్రెస్సు ఎవరిది?

ఇంటికి మిషను వస్తే మంచిదేనా? ఆగి ఆలోచించండి. వ్యాపారి వస్తాడు. "ప్రెస్సు నేనే ఇప్పిస్త, తోలు నేనే తెస్త, ముక్కకింత ఇస్త, అడ్వాన్సు తీసుకో" అంటాడు. తియ్యగా ఉంటుంది. ప్రెస్సు ధర నెలనెలా పట్టుకుంటాడు. సరుకు ఇంకెవరికీ అమ్మనివ్వడు. కరెంటు లేని మిషను కాబట్టి అర్ధరాత్రి దాకా లాగమంటాడు. మన ఇల్లే వాడికి అద్దె లేని కార్ఖానా అవుతుంది. కళ్లంలో గింజలు కొలిచిన దొర పోయి, ముక్కలు లెక్కపెట్టే సేటు వచ్చినట్టే. అడ్వాన్సు పేరుతో మనిషిని పనికి కట్టెయ్యడం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం. కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కాబట్టి మేము చెప్పేది ఒకటే. నాలుగైదు ఇళ్లు కలిసి ప్రెస్సు కొనండి. మూడు కొట్లలో ధర అడిగి కొనండి. ఎవరింట్లో ఏ రోజు అన్నది వంతు పెట్టుకోండి. బిల్లు ఆడవాళ్ల పేరు మీద కూడా రాయించండి, ఎందుకంటే రివిట్లు ఎక్కించేది వాళ్లు, లెక్కలో పేరు లేనిదీ వాళ్లే.

సర్కారు డబ్బు ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవాళ్లున్నారు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు, కుటుంబానికి ఒకరికి. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా వోచరు, తర్వాత ముందు లక్ష, ఆపైన రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అని రూల్సులో ఉంది. అడిగి తీసుకోండి, అది మన హక్కు. కానీ కళ్లు తెరిచి తీసుకోండి. ఇది తాత పని మనవడికి అంటగట్టే పథకంలా ఉందని, ఇప్పుడున్న రూపంలో అమలు చెయ్యమని తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో కేంద్రానికి రాసింది. ఆ భయం ఉత్తది కాదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనిలో పిల్లలు సాయం చెయ్యొచ్చని సందు వదిలారు. డాక్టరు కొడుకు బడి నుంచి వచ్చి ట్యూషనుకు పోతాడు. మన కొడుకు బడి నుంచి వచ్చి ప్రెస్సు లాగాలా? పుస్తకం పట్టిన చేతికి ప్రెస్సు చెయ్యి అందించొద్దు. పెద్దయ్యాక వాడికి ఇష్టమైతే డిజైను చదువుతాడు, ఇంజనీరై ఇంతకంటే మంచి ప్రెస్సు తయారు చేస్తాడు.

లెక్క రాయడం నేర్చుకోండి. ఊరికే అనుకుందాం: ఒక బెల్టుకు తోలు 160, బకిలు 30, రివిట్లు రంగు 10, మొత్తం 200. పని గంటన్నర. వ్యాపారి 230 ఇస్తానంటే మీకు మిగిలింది 30. అంటే గంటకు 20. ఎనిమిది గంటలు చేస్తే 160. పత్తి ఏరబోయినా అంతకంటే ఎక్కువొస్తుంది. ఈ లెక్క రాసి వ్యాపారి ముందు పెట్టండి. ఒక్కరు పెడితే పక్క ఇంటికి పోతాడు. వాడంతా ఒకే లెక్క పెడితే ఎక్కడికి పోతాడు?

చివరగా ముద్ర గురించి. కొల్హాపురి చెప్పుకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అయినా 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో అట్లాంటి చెప్పుల్నే చూపించి, అది ఎవరి పనో ముందు చెప్పలేదు. ఇక్కడ గొడవైన తర్వాతే ఒప్పుకుంది. గుర్తింపు ఉన్నవాళ్లకే అట్లా అయితే, పేరు లేని మన కిర్రు చెప్పు సంగతేమిటి? అందుకే ఒక ముద్ర అచ్చు చేయించుకోండి. మీ వాడ పేరో, మీ సంఘం పేరో. బయటికి పోయే ప్రతి బెల్టు మీద, ప్రతి చెప్పు మీద అది నొక్కండి. ఇన్నేళ్లు మన పని ఊరంతా తొడుక్కుని తిరిగింది, మన పేరు మాత్రం ఎవరూ పలకలేదు.

ప్రెస్సు కులాన్ని తీసెయ్యదు. ఆ పని ఉద్యమం చెయ్యాలి. కానీ పనిముట్టు మనదై, లెక్క మనదై, ముద్ర మనదై ఉంటే, ధర చెప్పే నోరు కూడా మనదవుతుంది. పిల్లలు బడిలో ఉండాలి, ప్రెస్సు మన పేరు మీద ఉండాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండోది మనకు దక్కదు.

ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి. ప్రెస్సు ఇక్కడే ఉంది, ముందు అక్కలు వచ్చి లాగి చూడండి.

జై భీమ్.