పాతకొయ్యకు మెరుగు

ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణము. ఇటువంటి ఊళ్ళలోని పాత ఇండ్లలో తాతలనాటి టేకు దర్వాజాలు, సందుగలు, పందిరిమంచములు నేటికిని కనబడుచుండును. దీపపు మసి, ధూళి, చేతిజిడ్డు కలిసి వానిపై నల్లని పొర కట్టియుండును. అది చూచి పనికిరాదని అటక యెక్కించువారును, ఎనామిలు రంగుతో కప్పివేయువారును ఉన్నారు. రెండును తొందరపాటే యని మా అభిప్రాయము.

ముందుగా పాతపూత ఏదో తెలిసికొనవలెను. కనబడని మూలయందు స్పిరిటులో తడిపిన గుడ్డతో రుద్దిచూడుడు. పూత మెత్తబడి జిగటయైనచో అది లక్కమెరుగు. అట్టిదానిని గోకి తీయ నక్కరలేదు. జిడ్డు తుడిచి, పైన మరల పలుచగా లక్క పట్టించిన చాలును. పాత ఎనామిలు రంగు ఉన్నయెడల మాత్రము జాగ్రత్త. పూర్వపు రంగులలో సీసము కలిసియుండెడిది. మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమము చేసిరి. అంతకుముందు పూసినవానిని నమ్మరాదు. పొడిగా రుద్దినచో లేచు దుమ్ము పసిపిల్లల మెదడునకు హానికరము. నీటితో తడిపి, ముక్కునకు తగిన ముసుగు కట్టుకొని, పిల్లలను దూరముగా పంపి రుద్దవలెను.

గరుకుకాగితమును ఎల్లప్పుడును కొయ్యచారల వెంబడి నడుపవలెను. అడ్డముగా రుద్దిన గీతలు అప్పటికి కనబడవు. రంగు పట్టించిన వెనుక ఒక్కొక్కటియే బయటపడును. నున్నబడిన పిమ్మట తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిండు. నూగు లేచును. దానిని సన్నకాగితముతో తీసివేసిన గాని తరువాతి పూత నునుపుగా రాదు. టేకులో సహజముగా నూనె ఉండుటచే, పూతకు ముందు స్పిరిటుతో తుడుచుట మేలు.

నల్లని ఛాయ కావలెనన్న అంగడి రంగులే అక్కరలేదు. కరక్కాయ కషాయము పట్టించి, ఆరిన పిదప అన్నభేది నీరు పూసినచో కొయ్య చూచుచుండగనే నల్లబడును. కరక్కాయలోని వగరు ఇనుముతో కలియుటయే దీని కీలకము. శ్రీకాళహస్తి కలంకారీ బట్టలపై నలుపు తేలునదియు ఈ కలయికచేతనే. అయితే బల్ల అడుగున పరీక్షింపక పైన పూయరాదు. ఇంకిన నలుపును తీయుట కష్టము. కోసిన కొనలు రంగును మిక్కిలి పీల్చును గావున అక్కడ నీరు కలిపి పలుచన చేయుడు.

లక్కమెరుగునకు లీటరు స్పిరిటులో సుమారు 150 గ్రాముల లక్కపెళ్ళలు నానవేసి, కరగిన పిమ్మట వడకట్టవలెను. దూదిని పాతనూలుగుడ్డలో పొట్లముగా కట్టి, దానితో పలుచని పూతలు పలుమార్లు వేయుట పద్ధతి. వానకాలమున ఈ పని పెట్టుకొనకుడు. గాలితేమకు పూత పాలవలె తెల్లబారును. వేడి చెంబు దించినను తెల్లని వలయము పడును. భోజనపుబల్లకు అందుచేత నూనెవార్నీషే తగినది.

అవిసెనూనె వాడువారికి ముఖ్యముగా చెప్పవలసినది ఒకటి కలదు. ఈ నూనె ఆరునప్పుడు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి వేడిని పుట్టించును. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేసినయెడల ఆ వేడి బయటకు పోలేక, నిప్పురవ్వ లేకయే మంట పుట్టవచ్చును. మన పాలమూరు ఎండలలో ఈ అపాయము మరింత హెచ్చు. పని ముగిసిన వెంటనే గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి పూర్తిగా ఆరనీయుడు. లేదా నీటితొట్టిలో ముంచి ఉంచుడు. దర్వాజా పని మరునాటికి ఆగినను ఆగవచ్చును, ఈ పని ఆగరాదు.

ఇక గడప మాట. నిత్యము కడిగి పసుపు పూయుచోట ఏ మెరుగును నిలువదు. దానిని శుభ్రపరచి, ఉన్నదున్నట్లు విడుచుటయే మంచిది.