గర్భకోశంలో ఎర్రమందు: పరీక్షలు ఏమి చెబుతున్నాయి?

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో పశు ఆరోగ్య విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఏ గ్రామానికి వెళ్ళినా వినిపించే మాట ఒకటుంది. "డాక్టరు గారూ, మూడుసార్లు సూది వేయించాం, గేదె తిరగపొర్లుతూనే ఉంది. ఆ ఎర్రమందు పోసి కడిగెయ్యండి." ఎర్రమందంటే లూగాల్ అయోడిన్. మంచి మందే. కాని అది లోపల చేసే పని తెలియక అడిగేవారు ఎక్కువ, తెలియకుండానే పోసేవారూ లేకపోలేదు. అందుకే ఈవేళ ఈ ఒక్క విషయమే మాట్లాడదలచాము.

అసలు లూగాల్ ద్రావణంలో నూటికి 5 పాళ్ళు అయోడిన్, 10 పాళ్ళు పొటాషియం అయోడైడ్ ఉంటాయి. గర్భకోశంలోకి ఎక్కించేటప్పుడు దానిని బాగా పలుచన చేస్తారు. అలా చేసినా అది లోపలి పొరను కొంత కాలుస్తుంది. చెడిన పైపొర రాలిపోతుంది, క్రిములు చస్తాయి, రక్తప్రసారం పెరుగుతుంది, కింద నుంచి కొత్త పొర పుడుతుంది. ఆ పొరలో సన్నని గ్రంథులు బావుల్లాగా లోతుకు దిగి ఉంటాయి. పైన కాలినా, బావి అడుగున మిగిలిన కణాలు పైకి పాకి మళ్ళీ కప్పుతాయి. గడ్డి కోసినా దుబ్బు మిగిలితే చిగురు వేస్తుంది కదా! మందు ఘాటు ఎక్కువై దుబ్బు కూడా కాలితే అక్కడ మచ్చ కడుతుంది, గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఆ పశువు ఇక చూడి కట్టడం కష్టం.

మనుషుల వైద్యంలో అవసరం దీనికి సరిగ్గా ఎదురు. నెలసరిలో విపరీతంగా రక్తం పోయే స్త్రీలకు, ఇక పిల్లలు వద్దనుకున్న తర్వాత, ఈ పొరను కావాలనే నాశనం చేస్తారు. 1981లో అమెరికా వైద్యులు లేజరు కిరణంతో ఈ పని చేసిన తీరు ప్రకటించారు. యంత్రం లేకుండా మందుతోనే సాధ్యమా అని ఎలుకల మీద, కుందేళ్ళ మీద పరీక్షలు జరిగాయి. ఎలుక గర్భకోశానికి పొడుగాటి కొమ్ములు రెండు. ఒక కొమ్ములో మందు, రెండో కొమ్ములో ఉప్పునీరు ఎక్కిస్తారు. కొన్నాళ్ళకు రెండింటినీ కోసి సూక్ష్మదర్శినిలో పోల్చి చూస్తారు. ఒకే జీవిలో రెండూ ఉండటంవల్ల మేత తేడా, వయసు తేడా అన్న సాకు ఉండదు. చక్కటి పద్ధతి. అయితే ఎలుకకు నాలుగైదు రోజులకొకసారి ఎద, కుందేలుకు జతకట్టిన తర్వాతే అండం విడుదల. వాటిలో తేలిన మోతాదును గేదెకు లెక్కగట్టడం కుదరదు.

పశువు సంగతి పశువులోనే చూడాలి. ఎద తర్వాత అండాశయం మీద పసుపురంగు కాయ ఒకటి ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం మళ్ళీ ఎద రాదు. దానిని కరిగించే ఆజ్ఞ ఎక్కడ నుంచి వస్తుంది? 1923లో లియో లోబ్ అనే శాస్త్రజ్ఞుడు గినీపందుల గర్భకోశం తీసివేసి చూస్తే, ఆ కాయ కరగవలసిన రోజుకు కరగలేదు. 1956లో ఆవుల్లో, గొర్రెల్లో కూడా అదే కనబడింది. ఆజ్ఞ మోసుకుపోయేది ప్రోస్టాగ్లాండిన్ అని 1972లో గొర్రెల్లో తేలింది. అది తయారయ్యేది గర్భకోశపు లోపలి పొరలోనే. మనం అయోడిన్‌తో కాల్చేది ఆ పొరనే!

కనుక ఏ రోజున పోశామన్నది ముఖ్యం. ఆవుల్లో చేసిన పరీక్షల్లో, ఎద అయిన నాలుగైదు రోజులకు అయోడిన్ ఎక్కిస్తే పొర రేగి, ఆజ్ఞ ముందుగా వెలువడి, ఎద త్వరగా వచ్చింది. పదిహేనో రోజు ప్రాంతంలో ఎక్కిస్తే ఆజ్ఞ ఇవ్వవలసిన పొరే కాలిపోయింది గనుక ఎద ఆలస్యమైంది. ఇక్కడే మన ఇళ్ళలో నష్టం జరుగుతున్నది. ఇరవైయొకటో రోజు దాటింది, గేదె అరవలేదు, "చూడి కట్టింది" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అసలే గేదెల్లో, అందులోనూ ఎండాకాలంలో, మూగ ఎద ఎక్కువ. మూడు నెలల తర్వాత చూపిస్తే కడుపు ఖాళీ! అన్నాళ్ళ మేత, దాణా దండుగ. మందు పోయించిన పశువు ఎదకు రాలేదంటే చూడి అని నమ్మకండి, రెండు మూడు నెలల మధ్య తప్పక పరీక్ష చేయించండి.

దీనికంటె పెద్ద ప్రమాదం మరొకటి. చూడితో ఉన్న పశువు కూడా ఒక్కొక్కసారి ఎద లక్షణాలు చూపుతుంది. చూడకుండా మందు పోస్తే పిండం పోతుంది. కాబట్టి ముందు చేయి పెట్టి చూసిన తర్వాతే గొట్టం. ఈ మాట అడగడానికి మొగమాటపడకండి, డాక్టరు కోపగించుకోడు. డాక్టరు కాని వారికి ఆ గొట్టం ఇవ్వనే ఇవ్వకండి.

తిరగపొర్లే ప్రతి పశువుకూ గర్భకోశం చెడిందనుకోవడం కూడా పొరపాటే. ఎదలో వేసే తీగలు కోడిగుడ్డు తెల్లసొనలాగా నిర్మలంగా ఉంటే కడగడానికి అందులో మురికి ఏముంది? సూది వేళకు వేయించారా, ఖనిజ లవణాలు పెడుతున్నారా అన్నవి ముందు చూడాలి. తీగల్లో తెల్లని చీము పోగులు ఉంటేనో, మాయ సరిగా పడక ఈనిన తర్వాత చాలాకాలం దుర్వాసన మురుగు కారితేనో, అప్పుడు వైద్యం మాట.

సంఘానికి సంబంధించిన మాట ఒకటి మిగిలింది. గర్భకోశంలో పోసిన అయోడిన్ అక్కడే ఉండిపోదు. రక్తంలోకి ఇంకి, పాలలోకీ దిగుతుంది. ఎన్ని పూటల పాలు కేంద్రానికి పోయకూడదో మందు పోసిన డాక్టరునే అడిగి తెలుసుకోండి. ఎద తేదీ, మందు పోసిన తేదీ రెండూ సంఘం పుస్తకంలో రాయించండి. ఆ రెండు తేదీలు చేతిలో ఉంటే తర్వాత వచ్చే డాక్టరుకు సగం పని అయినట్లే.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పశువులను తెచ్చినవారు వరుసలో కట్టి ఉంచితే భోజనాల తర్వాత చూస్తాము.