ఏ నీరు, ఎన్ని రోజులు, ఏ దశలో



ధాన్యపు పైర్లు తట్టుకోవలసిన వాటిలో కరవు ఉంది, చవుడు ఉంది, వేడి ఉంది. నేను మాత్రం వరి ముంపు గురించే మాట్లాడతాను. గోదావరి డెల్టా ఏటా భయపడే కష్టం అది. జన్యుశాస్త్రం నేరుగా రైతు చేలోకి దిగిన సందర్భాల్లో ఇంత స్పష్టమైనది నాకు మరొకటి కనిపించదు.

ఊడ్చిన చేను నిండా మునిగితే మొక్కలో ఎథిలీన్ పోగుపడుతుంది. దాని ప్రేరణతో మామూలు రకాలు గాలి అందుకోవాలని ఆకులు సాగదీస్తాయి. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగుడుకే ఖర్చయిపోతుంది. చాలా రోజుల తర్వాత నీరు తీస్తే మిగిలేది పాలిపోయి బురదకు అంటుకున్న ఆకు. ఒడిశా నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ అలా చేయదు. నీటి అడుగున ఎదుగుదల ఆపేసి, నిల్వను పొదుపుగా వాడుకుని, రెండు వారాల తర్వాత కూడా కొత్త ఆకు వేస్తుంది. ఈ గుణానికి మూలం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందని పరిశోధకులు కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ 1996లో చూపించారు. 2006లో అక్కడి సబ్1ఏ జన్యువు వివరం ప్రచురితమైంది. ఆ నాటు రకాన్ని తరతరాలుగా విత్తనం కట్టి నిలిపిన ఒడిశా రైతుల పేర్లు ఏ పత్రంలోనూ లేవు. ఈ వేదిక మీద నుంచి వారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆ జన్యువును ఏ రకంలో పెట్టాలన్న నిర్ణయం కూడా అంతే విలువైనది. మన మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణను, అంటే ఎంటీయూ 7029ను, తూర్పు రాష్ట్రాల రైతులు అప్పటికే తమదిగా చేసుకున్నారు. అందుకే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరపరుస్తూ, డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో సబ్1 అనే ఆ ఒక్క ముక్కను తెచ్చి కలిపారు. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు రకాల ధాన్యం పక్కపక్కన పోసి చూడండి. స్వర్ణ పొట్టుది బంగారు రంగు, దీనిది ఎండుగడ్డి రంగు. పొట్టు రంగును మార్చే జన్యువు సబ్1కు ఆనుకుని ఉండటంతో అదీ వెంట వచ్చేసింది. విత్తనాన్ని గుర్తుపట్టడానికి ఇది మేలే చేసింది.

అయినా ఈ విజయానికి ఉన్న హద్దులు దాచకూడదు. మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలిచే చేలో సబ్1 ఒక్కటే సరిపోదు, అక్కడ మొక్క కొంత ఎదగాలి. వెదజల్లిన గింజ నీటిలో మొలవాలంటే కావలసిన జన్యువులు వేరు. కోతల వేళ తుపాను వచ్చి పైరు పడిపోయి వెన్ను మీదే గింజ మొలకెత్తే మన కష్టానికి కావలసింది గింజలో నిద్రావస్థ, గట్టి కాడ. ముంపు అన్న ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు సమస్యలున్నాయి. ప్రయోగశాల తొట్టెలోని తేట నీరు వరద నీరు కాదు. బురద నీటిలో ఆకుకు వెలుతురు అందదు, ఫలితమూ మారిపోతుంది.

అందుచేత ఈ సదస్సులో పత్రాలు సమర్పించేవారిని ఒకటే కోరుతున్నాను. జన్యువు పేరు చెప్పేముందు పైరు ఏ దశలో ఉంది, నీరు ఎంత లోతు, ఎన్ని రోజులు నిలిచింది, బురదదా తేటదా చెప్పండి. చర్చ అక్కడి నుంచే మొదలుపెడదాం. మొదటి పత్ర సమర్పకులు వేదిక మీదికి రావాలి.