గుడారములో ఒక రాత్రి

మనసు అలసినవారు కొండల దారి పట్టుట క్రొత్త కాదు. హైదరాబాదునకు పడమట, వికారాబాదు చెంత, అనంతగిరి కొండలు కలవు. మూసీ నది పుట్టినది అచ్చటనే. ఆ అడవి గాలి మేలు చేయునని పూర్వము క్షయరోగులకై అచ్చట ఆసుపత్రి కట్టిరి. క్షయను మాన్పునది గాలి కాదు, మందు అని నేడు మనకు తెలియును. అయినను ఆ గాలిని నమ్మి వచ్చినవారు పూర్తిగా పొరబడిరని అనలేము. వ్యాధికి మందు వేరు, వ్యాధిగ్రస్తునకు ఊరట వేరు.

ఆ ఊరట ఎట్టిదో తెలియవలెనన్న, అనుమతి ఉన్నచోట గుడారము వేసికొని, మార్గశిర మాసమున ఒక రాత్రి ఆరుబయట గడపవలెను. ప్రొద్దు గ్రుంకకముందే నీరు తెచ్చుకొనవలెను, నేల చదును చేయవలెను, త్రాళ్లు బిగింపవలెను. చేతులకు పని తగులగనే చింత కొంత వెనుకకు తగ్గును. పిమ్మట దీపము ఆర్పినచో మొదట ఏమియు కనిపింపదు. కన్ను చీకటికి అలవాటుపడుటకు అరగంట పట్టును. అంతట ఆకాశమున పిల్లలకోడి, దాని వెనుక తూర్పున గొల్లకావడి పొడసూపును. పిల్లలకోడి వెలుగు మనలను చేరుటకు సుమారు 440 ఏండ్లు పట్టును. 1591లో చార్మినారు లేచుటకు మునుపే బయలుదేరిన కాంతి అన్నమాట!

ఆ వెలుగు మన దుఃఖము నెరుగదు, మనలను ఓదార్చదు. కాని ఓదార్చువారికి బదులు చెప్పవలసిన భారము కూడ అచ్చట లేదు. ఆప్తులను పోగొట్టుకొన్నవారికి ఇది చిన్న మేలు కాదు. తెల్లవారిన పిమ్మట కష్టము ఎప్పటియట్లే ఉండును. దానిని మోయు భుజము మాత్రము కొంత సేదదీరి యుండును.