నిద్ర కూడా చదువే



మన కోయల చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కకముందే డోలీల నోట ఉంది. పడిగె ఎత్తి పట్టుకొని గట్టు, గోత్రం కథలను వాళ్లు గంటల తరబడి పాడతారు. కాగితం లేకుండా ఇంత కథను నిలుపుకున్న జాతి మనది. అందుకని ఈరోజు జ్ఞాపకం గురించి, దాన్ని కాపాడే నిద్ర గురించి నాలుగు మాటలు చెబుతాం.

హాస్టళ్లలో మేం ఏటా వినే మాట ఒకటుంది. "మేడం, రాత్రంతా కూర్చుని చదివాను. పేపరు చూడగానే ఏదీ గుర్తు రాలేదు." ఆ పిల్లకు తెలివి లేక కాదు, కష్టపడక కాదు. చదివింది మెదడులో కుదురుకునే సమయం ఇవ్వలేదు, అంతే.

పొలం పని తెలిసినవాళ్లం కదా, ఆ లెక్కలోనే చూద్దాం. కోసిన పంటను ముందు కళ్లంలో పోస్తాం. తర్వాత గాదెకు చేరుస్తాం. మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం కళ్లం లాంటిది. పగలు చదివింది ముందు అక్కడికి వస్తుంది. గాఢ నిద్రలో మెదడు ఆ పాఠాన్ని మళ్లీ తిరగేసుకుంటూ, పైపొరలో ఎక్కువ కాలం నిలిచేలా చేస్తుంది. నిద్ర మానేస్తే పంట కళ్లంలోనే ఉండిపోతుంది. కళ్లం ఖాళీ కాకపోతే మర్నాటి పంటకూ చోటు ఉండదు. అంటే నిద్ర చెడితే రెండు నష్టాలు: నిన్నటిది నిలవదు, ఇవాళ్టిది ఎక్కదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1924లోనే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు, విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాలు కంఠస్థం చేయించి చూశారు. నేర్చుకున్న తర్వాత మేలుకొని ఉన్నప్పటికంటే, పడుకొని లేచినప్పుడే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి.

మీ వయసుకు ఇంకో ఇబ్బంది ఉంది. నిద్రకు వేళైందని శరీరానికి చెప్పే మెలటోనిన్ ఈడొచ్చిన పిల్లల్లో ఆలస్యంగా ఊరుతుంది. అందుకే రాత్రి పదైనా మీకు కళ్లు మూతపడవు. అది పొగరు కాదు, వయసు. దానికి సెల్‌ఫోన్ తోడైతే పన్నెండు దాటుతుంది. ఉదయం 5కు బెల్లు మోగితే మిగిలేది ఐదు గంటల నిద్రే. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు.

కాబట్టి ఏం చేయాలి? కష్టమైన పాఠం రాత్రి 9 లోపు ముగించండి. పడుకోవడానికి గంట ముందే ఫోన్ పక్కన పెట్టండి. సాయంత్రం దాటాక టీ వద్దు. పరీక్ష ముందు రాత్రి కొత్త పాఠం ముట్టుకోకండి, పాతది ఒకసారి చూసి పడుకోండి. దోమతెర తప్పకుండా కట్టుకోండి. బాగా నిద్రపోయినా పగలంతా తూగు వస్తుంటే రక్తహీనత ఉందేమో పీహెచ్‌సీలో చూపించుకోండి.

మేడారం జాతరకు వెళ్లొద్దని మేం అనం. తల్లుల దగ్గరికి వెళ్లకుండా ఎలా ఉంటాం? కానీ జాతర అయిన నెలా రెండు నెలల్లోనే పదో తరగతి పరీక్షలు. తిరిగొచ్చిన వారం రోజులూ పెందలాడే పడుకోండి. పోయిన నిద్ర ఒక్క రాత్రిలో తీరదు.

పెద్దలకు ఒక విన్నపం. పిల్లల్ని తెల్లవారుజామునే లేపితేనే చదువు వస్తుందని మనలో చాలామంది నమ్మకం. తొమ్మిదికి పడుకున్న పిల్లకు అది సరే. పదకొండుకు పడుకున్న పిల్లను ఐదుకు లేపితే పుస్తకం ముందు కూర్చుంటుంది గానీ చదవదు. ఉదయం బెల్లు ఒక గంట వెనక్కి జరపమనో, రాత్రి దీపాలు త్వరగా ఆర్పమనో సంఘం తరఫున పాఠశాలలను అడుగుదాం. ఖర్చు లేని పని ఇది.

డోలీల పాట రేపు మీ నోట నిలవాలన్నా, మీ చేతికి మంచి మార్కుల మెమో రావాలన్నా, ముందు మీకు నిండా నిద్ర ఉండాలి.

జై ఆదివాసీ.